జీతపు రాళ్ళతో తొలి ఇల్లు



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు ఊరక అనలేదు. మేము రెండును చేసితిమి. పెండ్లికి బంధువులు వచ్చి పని పంచుకొనిరి; ఇంటి అప్పు పంచుకొనుటకు ఎవరును రాలేదు.

మన బెళ్ళందూరు చెఱువునకు ఉత్తరమున విమాన కార్ఖానా 1940లో వెలసినది. పిదప దూరవాణినగరమున టెలిఫోను కార్ఖానా 1948లోను, జాలహళ్ళి వైపున యంత్రపరికరముల కార్ఖానా 1953లోను, ఎలక్ట్రానిక్సు కార్ఖానా 1954లోను ఏర్పడినవి. ఆ కొలువులకు వచ్చిన తెలుగువారి బిడ్డలు, మనుమలు మన పాఠశాలలో కలరు. క్వార్టర్సులో ఎన్ని యేండ్లు కాపురమున్నను, ఉద్యోగ విరమణమైన పిమ్మట తాళపుచెవి అప్పగింపవలసినదే. కావున జీతము వచ్చుచుండగనే స్వగృహమును గూర్చి యోచింపవలెను.

మొదట లెక్క చూతము. ఇంటి వెల 50 లక్షలనుకొందము. (బెళ్ళందూరున నేడీ వెలకు ఇల్లు దొరకుట అరుదు, లెక్క సులువగుటకే ఈ అంకె.) అప్పు 30 లక్షలకు మించి 75 లక్షల లోపైనచో బ్యాంకులు వెలలో 80 శాతమునకు మించి ఈయరాదని రిజర్వు బ్యాంకు నియమము. అనగా 40 లక్షలు అప్పు, 10 లక్షలు మన చేతిసొమ్ము. స్టాంపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము ఆ వెలలో చేరవు. కర్ణాటకమున 45 లక్షలు దాటిన ఆస్తికి స్టాంపు సుంకము 5 శాతము, ఉపకరములతో 5.6 శాతమగును. 2025 ఆగస్టు 31 నుండి రిజిస్ట్రేషను రుసుము 2 శాతమైనది. ఈ రెంటికి 3 లక్షల 80 వేలు. పది లక్షలు కూడబెట్టి సంతోషించిన గృహస్థుడు ఇచ్చటనే చతికిలబడును.

ఇక కిస్తు. 40 లక్షలకు 8.5 శాతము వడ్డీ, 20 ఏండ్ల గడువు అయినచో నెలకు సుమారు 34,713 రూపాయలు. అందు తొలి నెల వడ్డీయే 28,333. అసలులో తీరునది 6,380 మాత్రమే. గడువు ముగియునాటికి కట్టిన వడ్డీ 43 లక్షలు దాటును. అదే అప్పును 15 ఏండ్లలో తీర్చినచో కిస్తు 39,390. వడ్డీ సుమారు 31 లక్షలు. నెలకు 4,677 రూపాయలు అధికముగా కట్టగల్గిన కుటుంబమునకు 12 లక్షలకు పైగా మిగులును. పదవ తరగతివారు ఈ లెక్కను స్వయముగా చేసి చూడుడు.

ఒక చిక్కు కలదు. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2022 మే మొదటిలో 4 శాతముండగా 2023 ఫిబ్రవరికి 6.5 శాతమైనది. 6.5 శాతమునకు 40 లక్షలు 20 ఏండ్లకు తీసికొన్నవాని కిస్తు 29,823. వడ్డీ 9 శాతమైనచో తొలినాళ్ళలో నెల వడ్డీయే 30,000! కిస్తు పెంపనిచో అప్పు తరుగదు సరికదా, పెరుగును. కావున మారు వడ్డీకి అప్పు చేయువారు, వడ్డీ రెండు శాతము పెరిగినను కట్టగలమా అని ముందే చూచుకొనవలెను.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు గృహనిర్మాణ అడ్వాన్సు కలదు. 2017 నియమముల ప్రకారము 34 నెలల మూలవేతనము లేక 25 లక్షలు, వీనిలో తక్కువైనది గరిష్ఠ పరిమితి. దీనికి సాధారణ వడ్డీయే. మొదట అసలు తీరును, పిదప వడ్డీ. ప్రభుత్వరంగ సంస్థల నియమములు వేఱుగా నుండును. తమ కార్యాలయమున విచారింపవలెను.

ఇక పత్రములు. ఇచ్చటనే మేము దెబ్బతింటిమి. మేము శిక్షణ పొందినది ఆంధ్రదేశమున. సెంట్ల లెక్క మాకు తెలియును, గుంటల లెక్క తెలియదు. 2016లో వర్తూరు వైపున ముప్పది నలుబది అడుగుల స్థలమునకు రెండు లక్షలు బయానా ఇచ్చితిమి. ఋణభార పత్రము నిర్మలముగానే యుండెను. అందు రిజిష్టరైన లావాదేవీలు మాత్రమే కనబడునని, నోటిమాట పంపకములు కనబడవని అప్పుడెఱుగము. భూపరివర్తన జరిగినదా అని అడుగనే లేదు. మా విద్యార్థి తాతగారొకరు మావెంట వచ్చి చూచి, "అయివారూ, ఈడ మా చిన్నప్పుడు కాలవ పారేది. నీళ్ళు తమ దావ మరస్తాయా?" అనిరి. మేము నవ్వి ఊరకుంటిమి. కాని ఇంట మా యిల్లాలు నవ్వలేదు. ఆమె పట్టుబట్టి గ్రామపటము తెప్పించినది. కాలువ గీత స్థలము మీదుగనే పోవుచున్నది! ఎనిమిది నెలలు తిరుగగా లక్షా ఇరువది వేలు చేతికి వచ్చినవి, తక్కినది పోయినది. 2022 సెప్టెంబరు వానలకు బెళ్ళందూరు, సర్జాపుర మార్గములు మునిగిన దినములలో ఆ స్థలమును చూడబోతిమి. మోకాటి లోతు నీరు.

పిల్లలారా, ఈ పత్రములు కన్నడమున నుండును. మీ తల్లిదండ్రులలో పెక్కురు కన్నడము మాటలాడుదురు గాని చదువలేరు. మీరు రెండు లిపులును చదువుదురు. క్రయపత్రము, పహణి, ఖాతా, కందాయ రసీదు: ఇంట నున్నచో ఒక ఆదివారము బిగ్గరగా చదివి వినిపింపుడు. సర్వే సంఖ్య అన్నింటను ఒక్కటేనా, ఎల్లలు సరిపోవుచున్నవా చూడుడు. గుంట యనగా 1,089 చదరపుటడుగులు. 40 గుంటలు ఎకరము. 2024 అక్టోబరు నుండి బెంగళూరున రిజిస్ట్రేషనుకు ఇ-ఖాతా కావలెను. అందు యజమాని పేరు అక్షరము తప్పినను సరిదిద్దించుకొనవలెను. నీరెచ్చటినుండి వచ్చునో కూడ అడుగుడు. నగరమున చేరిన 110 గ్రామములకు కావేరి ఐదవ దశ పథకము 2024 అక్టోబరులో ప్రారంభమైనది. మీ వీథికి గొట్టము వచ్చినదా లేదా అన్నది వేఱు ప్రశ్న.

మేము 2019లో రెండు గదుల ఇల్లు కొంటిమి. మా యిద్దరి జీతములలో ఒకదానితో కిస్తు, రెండవదానితో కాపురము. గడువు 15 ఏండ్లు. బేరమాడుటకు ముందు ఆ తాతగారిని పిలిచికొని పోయితిమి. ఆయన నలుదిక్కులు చూచి, నేల మీద కఱ్ఱతో తట్టి, "ఈడ గట్టు, సారూ" అనిరి.