గ్రేజ్ వేసే ముందు

బిడ్డా,

మొయినాబాద్ ఇంటికి లప్పం పని అయిపోవచ్చిందని, హాలుకు గ్రేజ్ వేద్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మంచి రంగే. ఒట్టి బూడిద రంగు ఇంటికి కళ లేకుండా చేస్తుంది, ఒట్టి బీజ్ పాత సర్కారు ఆఫీసును గుర్తుకు తెస్తుంది. ఇది రెంటికీ మధ్యది. కానీ నువ్వు పంపిన ఫోటో అమెరికా ఇంటిది. అక్కడ షెర్విన్ విలియమ్స్ పెయింట్ కంపెనీ వాళ్ల 'అగ్రీయబుల్ గ్రే' అనే గ్రేజ్ బాగా నడుస్తుంది. ఆ ఫోటోలో కింద చెక్క నేల ఉంది, నీ ఇంట్లో తాండూరు బండలు. రంగు ఎంచాల్సింది ఆ బండల పక్కన పెట్టి.

నీలం బండ పరిస్తే బీజ్ పాలు ఎక్కువున్న గ్రేజ్ తీసుకో, లేకుంటే హాలంతా చల్లబడినట్టుంటుంది. పసుపు బండకైతే బూడిద పాలు ఎక్కువుండాలి. గులాబీ జాడ ఉన్నది మాత్రం వద్దు, పసుపు బండ పక్కన అది మాసినట్టు కనిపిస్తుంది.

ఇంకొకటి, మీ ఇంటి చుట్టూ ఉన్న నేల. కట్టడాలకు హద్దులు పెట్టిన 1996 నాటి 111 జీవో వల్ల మీ వైపు ఇళ్ల చుట్టూ ఖాళీ జాగా బాగా మిగిలింది. పడమటి కిటికీ బయట ఎర్రమట్టే గదా, మూడు దాటితే ఎండ దాని మీద పడి ఆ ఎరుపు లోపలి గోడకెక్కుతుంది. మామిడి చెట్ల వైపు గోడ పచ్చబారుతుంది. గ్రేజ్ ఏ వెలుగు పడితే ఆ వెలుగుకు తిరిగే రంగు, అందుకే నాకు భయం. షాపులో కార్డు చూసి ఖాయం చెయ్యకు. రెండడుగుల ప్లైవుడ్ ముక్కకు తెల్ల ప్రైమర్ కొట్టించి, రెండు కోట్లు వేయించు. ఆరినంక ఒక్కో గోడకు ఆనించి, అడుగు బండకు తగిలేట్టు నిలబెట్టి, పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టినంక చూడు. ఆ లోపే బల్బులూ బిగించు. 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు కింద ఏ గ్రేజైనా సిమెంటే. 3000 తీసుకో.

కేటలాగులో ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది, రంగు ఎంత వెలుగును తిప్పికొడుతుందో చెప్పేది. నలుపుకు సున్నా, తెలుపుకు వంద. అగ్రీయబుల్ గ్రేది 60. మీకు ముందు లోతైన వరండా ఉంది, అంతకు తగ్గితే సాయంత్రం నాలుగుకే లైటు వెయ్యాలి. నిగనిగలాడే ఫినిష్ అడగకు. పెద్ద కిటికీ పక్క వెలుగులో లప్పం ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి.

ఒక గోడకు ముదురు రంగు అంటున్నారట. నాకైతే నచ్చలేదు. టేకు దర్వాజ ఉండగా ఇంకో రంగెందుకు? గ్రిల్స్ ఎనామెల్ కొనేటప్పుడు మాత్రం డబ్బా మీద సీసం సంగతి చదువు, పిల్లలున్న ఇల్లు. 2017 నవంబర్ నుంచి 90 పీపీఎం దాటకూడదని రూల్ ఉంది.

హాలుకు కావలసిన రంగంతా ఒకేసారి కలిపించు. తర్వాత ఒక్క లీటరు కలిపి తెచ్చినా అతుకు కనబడుతుంది, మేస్త్రి కనబడదనే అంటాడు.

మీ మామ