చంచలచిత్తునకు కాగితపు మడతలు

ప్రశ్న: ఎనిమిదేండ్ల మా అబ్బాయి బడినుండి రాగానే చిరాకుపడుచు, ఏ పనియందును కుదురుగా నిలువలేకున్నాడు. జపానువారి కాగితపు మడతల కళయైన ఓరిగామి అతనికి ఉపకరించునా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, తప్పక ప్రయత్నింపదగినది. పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీదేశమందు కిండర్‌గార్టెన్ విద్యావిధానమును నెలకొల్పిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ మహాశయుడు కాగితపు మడతలను శిశువుల హస్తకృత్యములలో చేర్చెను. హస్తములును నేత్రములును బుద్ధియు ఒక్క పనియందే లగ్నమై, మడత వెంబడి మడత నియతక్రమమున సాగునపుడు, మనస్సు పరిపరివిధముల పోవుటకు అవకాశము సన్నగిల్లును.

15 సెంటీమీటర్ల చదరపు పలుచని కాగితము చాలును. కుక్కముఖము, గిన్నె వంటి సులభరూపములతో ఆరంభించి, అనేక మడతలుగల కొంగను పిమ్మటికి ఉంచుడు. ఆదిలోనే కఠినమైనది ఒసగినచో విసుగు హెచ్చును. ఓరిగామి కళాకారుడు అకీరా యోషిజావా 1954లో ప్రకటించిన గ్రంథముద్వారా వ్యాప్తిచెందిన గీతలు, బాణపుగుర్తుల పద్ధతిని అనుసరించు పటములను, చదువ నేర్వని బిడ్డయు గ్రహింపగలడు.

కోపము మిన్నుముట్టినవేళ కాగితము చేతికీయక, ఆకలిదప్పులు తీర్చి, సేదదీరిన పిదప మీరును ప్రక్కన కూర్చుండి వేరొక కాగితమును మడువుడు. వంకరమడతను లాగికొని దిద్దకుడు. చిరాకు వారములతరబడి నిలిచి నిద్రకును చదువునకును భంగము కలిగించినచో, శిశువైద్యుని సంప్రదించుట మీ కర్తవ్యము.