సూర్యునికి చేరువలో మరో భూమి ఉండగలదా?

ఆర్మూర్ రైతులు పసుపు తవ్వి, కొమ్ములను ఉడికించి, కళ్లాల్లో ఆరబోస్తారు. రోజుల తరబడి మంచి ఎండ తగిలితేనే కొమ్ము గట్టిపడుతుంది. మనకు అన్నం పెట్టే ఈ ఎండ ఇంకా ఎక్కువైతే? సూర్యునికి మనకన్నా దగ్గరగా తిరిగే గ్రహం మీద పైరు, ప్రాణి నిలవగలవా? పిల్లలతో కలిసి ఆలోచిద్దాం.

భూమి సూర్యునికి సగటున 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. దూరం సగమైతే ఎండ నాలుగు రెట్లవుతుంది. 10.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న శుక్రగ్రహంపై మనకన్నా దాదాపు రెండు రెట్ల ఎండ పడుతుంది.

మరి ఎంతవరకు దగ్గరకు జరగవచ్చు? అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో రవికుమార్ కొప్పరపు బృందం 2013లో ఈ లెక్క కట్టింది. వారి లెక్కలో ఆ హద్దు మనకు ఒక్క శాతం దూరంలోనే, అంటే సుమారు 15 లక్షల కిలోమీటర్ల లోపలే ఉంది. దాన్ని దాటితే సముద్రపు నీరు ఆవిరై పైకి చేరి, క్రమంగా అంతరిక్షంలో కలిసిపోతుంది.

అయితే ఆ లెక్కలో మేఘాల నీడను చేర్చలేదు. గ్రహం నెమ్మదిగా తిరిగితే పగటివైపు దట్టమైన మేఘాలు కమ్మి, ఎండను వెనక్కి పంపగలవు. శుక్రుడు తన చుట్టూ తాను తిరగడానికి మన లెక్కలో 243 రోజులు పడుతుంది. కనుక అక్కడ ఒకప్పుడు సముద్రాలు ఉండి ఉండవచ్చని 2016లో కొందరు శాస్త్రవేత్తలు చెప్పారు. అక్కడి ఆవిరి ఎన్నడూ నీరుగా మారలేదని 2021లో మరికొందరు వాదించారు.

నేడు మాత్రం శుక్రునిపై 460 డిగ్రీల వేడి. సీసం కరిగిపోతుంది. సూర్యునికి మరింత దగ్గరగా ఉన్న బుధగ్రహం కూడా అంత వేడెక్కదు. కారణమేమిటి? శుక్రుణ్ణి కప్పిన గాలిలో 96 శాతం బొగ్గుపులుసు వాయువే. లోపలి వేడిని అది బయటకు పోనివ్వదు.

ఇక్కడే మనకు పాఠం ఉంది. గాలి దుప్పటి వేడిని పట్టి ఉంచకపోతే భూమి సగటున సున్నాకు 18 డిగ్రీల దిగువన గడ్డకట్టేది. అది మందమైతే ఉడికిపోతుంది. రెండు వందల యాభై ఏళ్ల క్రితం గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న ఆ వాయువు నేడు 420 దాటింది. మనం సూర్యుని వైపు జరగలేదు, అయినా వేడి పెరుగుతోంది.

సూర్యునికి, మనకు మధ్య దూరాన్ని నిర్ణయించింది మనం కాదు. ఈ దుప్పటి మాత్రం మన చేతికి అప్పగించబడిన అమానతు. వృథాగా కాలే డీజిలు, అనవసరంగా వెలిగే దీపం కూడా దుబారాయేనని మన ఇంట్లో పిల్లలకు నేర్పుదాం.