జ్వరము – కొన్ని అపోహలు

భాషను చదివేవాడు దేన్నైనా మొదట పేరుతోనే పట్టుకుంటాడు. ‘జ్వరము’ అన్న సంస్కృత పదంలో తాపమనే భావం ఉన్నది. ఉర్దూలో మనమనే ‘బుఖార్’ అరబ్బీ నుండి వచ్చింది. అక్కడ దానికి ఆవిరి అని అర్థం. ఇటలీవారి ‘మలేరియా’ అంటే చెడుగాలి. పేర్లను మార్చవలసిన పనిలేదు గాని, వాటి వెనుకనున్న పాత ఊహలు నేటికీ రోగి మంచం చుట్టూ తిరుగుతూనే ఉన్నవి.

చెడుగాలి ఊహకు గట్టి దెబ్బ తగిలింది మన చేరువలోనే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టలో ఆ వ్యాధి క్రిమిని గుర్తించాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం లభించింది. ఆ అణాల మనిషిని తలచేవారు తక్కువ.

ఇక మన కొత్తకోట పరిసర గ్రామాలలో జ్వరమనగానే గొంగడి కప్పి, తలుపులు మూసి చెమట పట్టించే అలవాటున్నది. చలితో వణకుతున్నంతసేపు దుప్పటి సుఖమే. కాని ఒళ్ళు కాలిపోతున్నపుడు గొంగడి వేడిని బయటికి పోనీయదు. పసిపిల్లలకు అది మరీ ప్రమాదకరం. అట్లని మంచునీళ్ళు పోయడమూ తగదు, వణుకు పుట్టి వేడి ఇంకా పెరుగుతుంది. పలుచని బట్టలు, గాలి వచ్చే గది చాలును.

‘లంఖణం పరమౌషధం’ అన్నారు పెద్దలు. ఆకలి లేనివానికి బలవంతంగా అన్నం పెట్టవద్దనుట సబబే. నీళ్ళు మానుమని ఆ మాటలో ఎక్కడున్నది? వేడివల్ల, చెమటవల్ల ఒంట్లోని నీరు తరిగిపోతుంది. గంజి, మజ్జిగ, పలుచని జొన్న అంబలి కొద్దికొద్దిగా ఇస్తూ ఉండవలె.

అన్నిటికన్న బలమైన అపోహ సూదిమందు మీద ఉన్నది. సూది వేయని డాక్టరు డాక్టరే కాడని మనవారి తీర్పు! జ్వరం రోగం కాదు, రోగానికి గుర్తు. మలేరియాకు, టైఫాయిడ్‌కు, డెంగీకి, మామూలు పడిశానికి కూడా ఒళ్ళు వేడెక్కుతుంది. మందు మాత్రం ఒకటి కాదు. వైరస్ జ్వరాలపై యాంటీబయాటిక్ పనిచేయదు. టైఫాయిడ్‌కు అది అవసరమే, కాని రెండు రోజులకు నయమనిపించిందని మధ్యలో ఆపితే రోగం తిరగబెట్టవచ్చును. ఏ జ్వరమో తేల్చేది రక్తపరీక్ష. పారాసిటమాల్ వేడిని తగ్గిస్తుంది, కారణాన్ని తొలగించదు. పెద్దవారు సైతం 500 మిల్లీగ్రాముల బిళ్ళలు రోజుకు 8కి మించి వాడితే కాలేయానికి చేటు. పిల్లలకు బరువును బట్టి వైద్యుడే చెప్పవలె. డెంగీ అనుమానమున్నచోట ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ముట్టరాదు, రక్తస్రావం పెరుగుతుంది.

డెంగీలో మరొక మోసమున్నది. 3 నుండి 7 రోజులలో వేడి దిగుతుంది. ఇంటివారు ఊరట చెందుతారు, విద్యార్థి పరీక్షకు బయలుదేరుతాడు. సరిగా అప్పుడే కొందరిలో రక్తనాళాలనుండి ద్రవం బయటికి ఊరుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండి రక్తం, మగత, చల్లబడిన చేతులు – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారనీ అనకుండా రోగిని వనపర్తికో మహబూబ్‌నగర్‌కో, పెద్దాసుపత్రికి చేర్చవలె.