తేంగాయ్‌తిట్టు: నీటి బ్యాక్టీరియా వేరు, బురద బ్యాక్టీరియా వేరు

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో తేంగాయ్‌తిట్టు ఉప్పుటేరు ఉంది. ఒడ్డున మడచెట్లు. ఇలాంటి చోట ఒక సీసాలో నీరు, మరో సీసాలో దాని అడుగున ఉన్న బురద తీసుకుంటే, మధ్య దూరం జానెడే కావచ్చు. బ్యాక్టీరియా పరంగా మాత్రం అవి రెండు వేర్వేరు ఊళ్లు.

ప్రధాన కారణం ఆక్సిజన్. మడ బురదలో పైనుంచి కొన్ని మిల్లీమీటర్లు దిగితే అది దాదాపు ఉండదు. అక్కడి బ్యాక్టీరియాలో ఎన్నో ఆక్సిజన్‌కు బదులు సముద్రపు నీటితో వచ్చే సల్ఫేట్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. యానాం పక్కనున్న కోరింగ మడల్లో తిరిగినవారికి ఇది కొత్త కాదు. సంఖ్యలోనూ తేడా పెద్దదే: తీరపు నీటిలో మిల్లీలీటరుకు సుమారు 10 లక్షల బ్యాక్టీరియా ఉంటే, అంతే బురదలో 100 కోట్ల దాకా ఉండవచ్చు.

వీటిలో ఎక్కువ భాగం ప్రయోగశాలలో పెరగవు. అందుకే నమూనా నుంచి నేరుగా డీఎన్‌ఏ తీసి, 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును చదువుతారు. సుమారు 1,500 అక్షరాల ఈ జన్యువులో కొన్ని భాగాలు అన్ని బ్యాక్టీరియాలో దాదాపు ఒకేలా ఉంటాయి, కొన్ని మారుతుంటాయి. ఆ మారే భాగాలే గుర్తింపు కార్డు.

చిక్కంతా తర్వాతే. ఈ పద్ధతి ఇచ్చేది శాతాలు, తలల లెక్క కాదు. ఒక నమూనాలో మురుగునీటి బ్యాక్టీరియా 50, స్థానిక బ్యాక్టీరియా 50 ఉన్నాయనుకుందాం. స్థానికమైనవి 150కి పెరిగితే మురుగువాటి వాటా 50 శాతం నుంచి 25కు పడిపోతుంది. కాగితం మీద ఏరు శుభ్రపడినట్టే. నిజానికి మురుగు బ్యాక్టీరియా ఒక్కటీ తగ్గలేదు. పైగా ఈ.కోలైలో ఆ జన్యువు 7 ప్రతులుంటే, సముద్రపు నీటిలో విరివిగా కనిపించే ఎస్‌ఏఆర్11లో ఒక్కటే. అంటే ఒక్క ఈ.కోలై ఏడుగురిలా కనిపిస్తుంది. బురదలో చచ్చిన కణాల డీఎన్‌ఏ కూడా మట్టి రేణువులకు అంటుకుని చాలాకాలం నిలుస్తుంది.

కాబట్టి శాతాలతోపాటు మొత్తం బ్యాక్టీరియా ఎంతో విడిగా కొలవాలి. ఒక్కో రకం నుంచి పలు నమూనాలు కావాలి. ఆటుపోట్ల వేళ కూడా రాసుకోవాలి: పోటు మీద పట్టిన సీసాలో సముద్రం ఎక్కువ, ఆటు మీద పట్టిన దాంట్లో ఏరు ఎక్కువ.