గాటు చూసి కార్డు కొనండి

ఈసారి గోడపత్రికలో పద్యం గురించి కాకుండా ఒక పాత కంప్యూటరు గురించి రాస్తున్నాను. "తెలుగు శాఖకీ దీనికీ ఏం సంబంధమమ్మా?" అని మేడమ్ గారు అడగకముందే చెప్పేస్తాను.

మా పిన్ని తిరుత్తణిలో డీటీపీ షాపు నడుపుతుంది. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, కర్మక్రియల కార్డులు. తమిళంలో ఎన్ని వేస్తుందో తెలుగులోనూ ఇంచుమించు అన్నే వేస్తుంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా చిత్తూరు జిల్లాలోదే కదా, ఇళ్ళలో తెలుగు ఇంకా అలాగే ఉంది. ఆమె దగ్గరున్న తెలుగు నమూనాలన్నీ యూనికోడ్ వాడకం రాకముందు చేసినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే "శుభలేఖ" అన్న చోట ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. అందుకే ఒక పెంటియమ్ 4 కంప్యూటరును, అందులోని విండోస్ ఎక్స్‌పీని, పాత పేజ్‌మేకర్‌ను ఇప్పటికీ కాపాడుకుంటూ వస్తోంది. హార్డ్ డిస్కు తీసి వేరేదానికి తగిలిస్తే ఫైళ్ళు దక్కుతాయి, నిజమే. కానీ ఆ పనిచేసే ఏర్పాటు మొత్తం రాదు. ముహూర్తాల కాలంలో అదొక్కటి ఆగితే ఆమె ఆదాయంలో సగం ఆగినట్టే.

ఆగింది. గ్రాఫిక్స్ కార్డు పోయింది. ఆ బోర్డు మీద సొంతంగా మానిటరుకు బొమ్మ పంపే ఏర్పాటు లేదు, కార్డు లేకపోతే తెర నల్లగానే ఉంటుంది. మరి ఇంకో కార్డు కొని గుచ్చేస్తే పోలేదా అంటే, పోదు. మదర్‌బోర్డు మీద కార్డు పెట్టుకునే స్లాట్లు కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. ముందు ఐఎస్ఏ, 1992లో పీసీఐ. పీసీఐలో సెకనుకు 133 మెగాబైట్లే పోతాయి, దాన్నే మిగతా కార్డులూ పంచుకోవాలి. బొమ్మల పనికి అది చాలక ఇంటెల్ వాళ్ళు ఒక్క గ్రాఫిక్స్ కార్డు కోసమే ఏజీపీ అనే స్లాటు తెచ్చారు. దాని బోర్డులు 1997లో బజారుకొచ్చాయి. (మన తిరువళ్ళూరు జిల్లా ఏర్పడిందీ ఆ ఏడాదే!)

అసలు చిక్కు ఈ ఏజీపీలోనే ఉంది. మొదట వచ్చిన కార్డులు 3.3 వోల్టుల సంకేతంతో పనిచేసేవి. తర్వాత 4ఎక్స్ వేగం వచ్చినప్పుడు దాన్ని 1.5 వోల్టులకు తగ్గించారు. 8ఎక్స్ వచ్చేసరికి 0.8కి దిగింది. చూడ్డానికి స్లాటు మాత్రం ఒకేలా ఉంటుంది. పొరపాటు జరక్కుండా స్లాటు లోపల ఒక చిన్న అడ్డు పెట్టారు, కార్డు అంచున దానికి సరిపోయే గాటు కోశారు. గాటు కార్డు ఇనుప రేకు వైపుకి, అంటే కంప్యూటరు వెనక బిగించే వైపుకి, దగ్గరగా ఉంటే అది 3.3 వోల్టుల కార్డు. రేకుకి దూరంగా ఉంటే 1.5. రెండు గాట్లూ ఉంటే రెండింటికీ పనికొస్తుంది. ఈ కాగితం కింద దారానికి కట్టి వేలాడదీసింది పిన్ని చెడిపోయిన కార్డే. చేత్తో పట్టుకుని చూడండి, గాటు ఒక్కటే, రేకుకి దూరంగా ఉంది.

తిరువళ్ళూరులో ఒక షాపతను ఏజీపీ కార్డు ఉందన్నాడు. తీరా చూస్తే గాటు రేకు దగ్గరే ఉంది. స్లాటులో దిగలేదు. "ఆకురాయి పెట్టి కాస్త రాచేస్తే దిగిపోతుంది పాపా, అందరూ చేసేదే" అన్నాడు. పిన్ని నా వైపు చూసింది. నేను వద్దన్నాను. పిన్ని బోర్డులో ఉన్నది ఇంటెల్ 845 చిప్‌సెట్, అది 1.5 వోల్టులకు మాత్రమే తయారైనది. 3.3 వోల్టులు దాంట్లోకి పంపితే కార్డు కాదు, బోర్డే కాలిపోతుంది. కార్డు పోతే ఇంకోటి వెతకొచ్చు, బోర్డు పోతే అంతటితో సరి. ఆ అడ్డు మనల్ని విసిగించడానికి పెట్టింది కాదని అతనికి తెలియదనుకోను. అమ్ముడుపోని సరుకు వదిలించుకోవాలనే తొందర, అంతే.

తర్వాతి ఆదివారం కాకుండా మామూలు రోజు చూసుకుని (ఆదివారం చాలా షాపులు మూసేస్తారు) తిరుత్తణి నుంచి లోకల్ రైలెక్కి చెన్నైలో రిచీ స్ట్రీటుకు వెళ్ళాం. మౌంట్ రోడ్డు పక్కనున్న ఆ సందుల్లో పాత సామాను గుట్టలుగా దొరుకుతుంది. నేను పాత కార్డు సంచీలో వేసుకెళ్ళాను, దాని పక్కన పెట్టి గాటుకి గాటు కలిసిందే అడిగాను. నాలుగో షాపులో దొరికింది. దొరక్కపోతే ఏం చేయాలో కూడా అనుకునే వెళ్ళాం: ఆ బోర్డు మీద తెల్లటి పీసీఐ స్లాటు ఖాళీగా ఉంది, పీసీఐ గ్రాఫిక్స్ కార్డులూ ఉంటాయి. నిదానంగా పనిచేస్తుంది గానీ పత్రిక టైపు చేయడానికి అంత వేగం అక్కర్లేదు.

మనలో చాలామంది ఇళ్ళలో ఆఫీసులు వదిలేసిన సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు కొంటున్నారు. వాటిలో ఏజీపీ ఉండదు, 2004 నుంచి దాని చోటు పీసీఐ ఎక్స్‌ప్రెస్ తీసుకుంది. ఇది కాస్త మంచి మనసున్న స్లాటు. కొత్త కార్డూ పాత స్లాటూ కలిస్తే, ఇద్దరికీ వచ్చిన వేగమేదో మొదట తేల్చుకుని అందులోనే మాట్లాడుకుంటాయి. తిరుత్తణిలో మనం ఎదుటివాళ్ళని బట్టి తెలుగో తమిళమో ఎంచుకోమూ, అలాగన్నమాట. అయినా మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. స్లాటు నుంచి కార్డుకు అందే కరెంటు ఎక్కువలో ఎక్కువ 75 వాట్లు. అంతకు మించి కావాలంటే పవర్ సప్లై నుంచి వేరే వైరు రావాలి, చిన్న ఆఫీసు పెట్టెల్లో ఆ వైరు చాలావాటికి ఉండదు. రెండోది, సన్నని పెట్టెలో పొట్టి రేకు కార్డే పడుతుంది. మూడోది బయటికి కనపడదు: పాత బయోస్ ఉన్న బోర్డులు కొన్ని, బాగా కొత్త కార్డు పెడితే బొమ్మే చూపించవు. అందుకని షాపులో మీ బోర్డులోనే పెట్టి, తెర వెలిగించి చూపించమనండి. "ఇంటికెళ్ళి పెట్టుకో తల్లీ, వస్తుంది" అంటే డబ్బులివ్వకండి.

బోర్డు పేరు తెలియకపోతే పెట్టె తెరిచి చూడండి, దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. తెరిచేముందు ప్లగ్గు పీకేయండి. ఫోనులో ఫోటో తీసుకుని నాకు చూపించినా సరే, బుధవారం మధ్యాహ్నం శాఖ లైబ్రరీలో ఉంటాను. పిన్ని మాత్రం ఆ పాత నమూనాలన్నీ ఒక్కొక్కటిగా యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయిస్తోంది. ఇప్పటికి నలభై అయ్యాయి. చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళు వస్తే కాఫీ ఇస్తుంది.