సంసారియైన యోగి

యోగి యనగానే మనకు వేమన జ్ఞప్తికి వచ్చును. ఇల్లు వాకిలి విడిచి తిరిగిన విరాగి రూపము కనులకు కట్టును. నేనిప్పుడు చెప్పబోవు యోగి ఆ కోవకు చెందినవాడు కాడు. ఆయన అమెరికా దేశమున బంతియాట యాడి కీర్తి గడించినవాడు. యుద్ధకాలమున నౌకాదళమున పనిచేసినవాడు. 65 సంవత్సరములు ఒక్క ఇల్లాలితో కాపురము చేసిన పచ్చి సంసారి. అసలు పేరు లారెన్సు పీటర్ బెర్రా. 'యోగి' యన్నది చిన్ననాటి నేస్తము పెట్టిన మారుపేరు. ఆ నేస్తము మన దేశమును గూర్చిన చలనచిత్రమొకటి చూచెనట. అందులో ఒక యోగి కాళ్లు మడచి, చేతులు కట్టుకొని కూర్చుండి యుండెను. ఆటలో తన వంతు వచ్చువఱకు లారెన్సు కూర్చుండు తీరు సరిగా అదియే. వేళాకోళమునకు పుట్టిన ఆ పేరు ఆయనను తుదివఱకు వీడలేదు.

బెర్రా 1925వ సంవత్సరము మే 12వ తేదీన సెయింట్ లూయిస్ నగరమున జన్మించెను. ఆ నగరమున 'హిల్', అనగా కొండ, అను పేట యొకటి కలదు. ఇటలీ దేశమునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కుటుంబములకు అది నెలవు. తండ్రి పియెత్రో మిలాను నగరమునకు చేరువనున్న మాల్వాల్యో గ్రామమునుండి వలస వచ్చి, ఇటుకల కర్మాగారమున కష్టించి సంసారమును ఈదుచుండెను. నలుగురు కొడుకులు, ఒక కూతురు. కొడుకులలో కడపటివాడు మన బెర్రా. తల్లి పావొలీనాకు 'లారెన్సు' అను ఇంగ్లీషు పేరు నోరు తిరుగక 'లాడీ' యని పిలుచుచుండెను.

విద్యార్థులారా! మీరిప్పుడు చదువుచున్న ఎనిమిదవ తరగతితోనే ఆయన చదువు ముగిసినది. బొగ్గుల కొట్టులోను, చెప్పుల కర్మాగారములోను కొలువులు చేసెను. కాని మనస్సంతయు ఆటమీదనే. ఆట కూడు పెట్టునా యని తండ్రి మండిపడెను. అన్నలు ముగ్గురును మంచి ఆటగాండ్రే. కుటుంబముకొఱకు ఆట విడిచి పనులలో చేరినవారు. తమకు దక్కనిది తమ్మునికైన దక్కనిమ్మని వారు తండ్రిని బతిమాలిరి. ఈ ఋణమును ఆయన మఱవలేదు. అన్నలు తనకంటె గొప్ప ఆటగాండ్రని వృద్ధాప్యమున గూడ చెప్పుచుండెను.

యాంకీల జట్టువారు 500 డాలర్లిచ్చి ఆయనను చేర్చుకొనిరి. ఆట కుదురుకొనకమునుపే ప్రపంచయుద్ధము పిలిచెను. 1943లో పదునెనిమిదేండ్ల ప్రాయమున బెర్రా నౌకాదళమున చేరెను. 1944 జూన్ 6వ తేదీన మిత్రరాజ్యముల సేనలు ఫ్రాన్సు దేశపు నార్మండీ తీరమున దిగినప్పుడు, ఒడ్డునకు దాపుగా పోయి శత్రుస్థావరములపై రాకెట్లు ప్రయోగింపవలసిన చిన్న పడవలు కొన్ని కలవు. పడవ పొడవు 36 అడుగులు. అందులో ఆరుగురు నావికులు. వారిలో నొకడు బెర్రా. ఆకసమున పేలుడుల కాంతులు చూచి, అది యేదో పండుగనాటి బాణసంచా యైనట్లు ఆ కుఱ్ఱవాడు తల యెత్తి చూచుచుండెనట. మెడపై తల నిలువవలెనన్న వంచుమని అధికారి గద్దించెను.

ఆ యేడే ఆగస్టు మాసమున ఫ్రాన్సు దక్షిణతీరమున జరిగిన దాడిలో ఆయన చేతికి తూటా తగిలెను. యుద్ధమున గాయపడినవారికి అమెరికా ప్రభుత్వము 'పర్పుల్ హార్ట్' అను పతకము నిచ్చును. అందులకు కాగితములు పంపవలెను. బెర్రా పంపలేదు. గాయపడినట్లు ప్రభుత్వమునుండి తంతి పోయినచో ఇంటివద్ద తల్లి గుండె పగులునని ఆయన భయము. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా పల్లె గుర్తువచ్చినది. మా చిన్నతనమున తంతి వచ్చినదన్న చాలు, అందులో నేమున్నదో విప్పి చూడకమునుపే ఆడవారు ఏడ్పులు మొదలుపెట్టెడివారు. 2013లో మన దేశమున తంతి సేవ ముగిసినది గనుక, ఆ కాగితపు ముక్కకుండిన భయంకరశక్తి మీకు తెలియదు. సెయింట్ లూయిస్‌లోని ఆ తల్లికి దానిని తప్పించుటకై కొడుకు పతకమును కాదనుకొనెను.

యుద్ధానంతరము 1946 సెప్టెంబరు 22న యాంకీల పక్షమున తొలిసారి బరిలో దిగెను. బేస్‌బాల్ ఆటలో ఆయన స్థానము 'క్యాచర్'. మన క్రికెట్టులోని వికెట్ కీపరువలె బ్యాటుదారుని వెనుక గొంతుకూర్చుండి, బంతి విసరువానికి ఎట్టి బంతి వేయవలెనో సైగచేసి చెప్పవలెను. పొట్టివాడు, అందగాడు కాడు. పత్రికలవారు ఆయన ముఖమును ఎగతాళి చేసిరి. ముఖముతో బంతిని కొట్టువారెవరును లేరు గదా యని ఆయన నవ్వి యూరకుండెను. 1950లో 597 సార్లు బ్యాటు పట్టి, మూడు కొట్లు తప్పి వెనుదిరిగినది 12 సార్లు మాత్రమే! 1951, 1954, 1955 సంవత్సరములలో ఉత్తమ ఆటగాడను బిరుదము. ఆటగాడుగా 10 పర్యాయములు ప్రపంచ విజేతయైన జట్టులో నుండెను. ఇది నేటికిని ఇతరు లెవ్వరును అందుకొనని సంఖ్య.

1949 జనవరిలో కార్మెన్ అను యువతిని పెండ్లాడెను. ఆమె సెయింట్ లూయిస్‌లో ఒక భోజనశాలయందు వడ్డన చేయుచుండెడిది. లారీ, టిమ్, డేల్ అని ముగ్గురు కుమారులు కలిగిరి. న్యూజెర్సీ రాష్ట్రమున మాంట్‌క్లేర్ అను ఊర కాపురము. ఇంటికి దారి యడిగిన మిత్రునకు, త్రోవ రెండుగా చీలినచోట చీలిన త్రోవ పట్టుమని ఆయన చెప్పెనట! లోకము దీనిని పిచ్చిమాట యని నవ్వినది. నిజమునకు ఆ రెండు త్రోవలును ఆయన ఇంటికే చేరును.

సంసారమన్న తరువాత కష్టములు రాకపోవు. కడసారి కుమారుడు డేల్ తండ్రివలెనే ఆటగాడై, మత్తుమందుల పాలయ్యెను. 1992లో కుటుంబమంతయు కూడి అతనిని కూర్చుండబెట్టెను. మత్తుమందు కావలెనో, ఇల్లు కావలెనో తేల్చుకొమ్మని తండ్రి చెప్పెను. అతడు ఇంటినే కోరెను. ఆ వ్యసనము వీడినట్లు తానే తరువాత గ్రంథమున వ్రాసెను. అంత మెత్తని మనిషికి ఆ మాట యనుట యెంత కష్టమైయుండునో! పిల్లలను దండింపలేని తండ్రులను నా యుద్యోగకాలమున అనేకులను చూచితిని; దండించి, పిదప చేయి విడువని తండ్రులను కొలదిమందినే చూచితిని.

ఆయనకును ఒక పట్టుదల కలదు. 1985లో బెర్రా యాంకీల జట్టునకు నిర్వాహకుడు. ఏమైనను ఏడాదియంతయు ఆయనయే యుండునని జట్టు యజమాని జార్జి స్టైన్‌బ్రెన్నరు మాట యిచ్చెను. 16 ఆటలు ముగియగానే తొలగించెను. అంతకంటె నొప్పించిన దేమనగా, ఆ మాట తాను చెప్పక వేఱొకనిచేత చెప్పించెను. బెర్రా మఱి ఆ క్రీడాస్థలమున అడుగుపెట్టలేదు. ఒకటి గాదు, రెండు గాదు, 14 సంవత్సరములు! అభిమానధనుడని కొందఱు మెచ్చుకొనిరి. నాకు మాత్రము అందులో కొంత మొండితనము గూడ కనబడును. తాత గొప్పతనము విన్నవారే గాని, ఆ స్థలమున తాతకు జరుగు గౌరవమును మనుమలు కన్నులార చూడలేదు. కుమారులు ఆ మాటనే యెత్తిరి.

తుదకు 1999 జనవరిలో స్టైన్‌బ్రెన్నరు తానే మాంట్‌క్లేర్‌కు వచ్చెను. అక్కడి విశ్వవిద్యాలయ ప్రాంగణమున బెర్రా పేర ఒక ప్రదర్శనశాల అంతకు ముందటి యేడు వెలసి యుండెను. పది నిమిషములు ఆలస్యమైనదని బెర్రా గడియారము చూచి చెప్పెనట. యజమాని తన తప్పు నొప్పుకొని క్షమాపణ వేడెను. అంతటితో ఆ పగ చల్లారెను.

అదే సంవత్సరము జూలై 18న యాంకీల మైదానమున బెర్రాకు సన్మానము జరిగెను. 1956లో బెర్రా క్యాచరుగా నుండగా, ప్రత్యర్థులలో ఒక్కని నైనను తొలి మజిలీకి చేరనీయక 27 మందిని వరుసగా ఓడించిన డాన్ లార్సెను ఆనాడు వచ్చి, లాంఛనముగా బంతి విసరెను, బెర్రా పట్టెను. పిమ్మట ఆరంభమైన ఆటలో డేవిడ్ కోన్ అను ఆటగాడు సరిగా అట్లే 27 మందిని వరుసగా ఓడించెను. ఆటచరిత్రలో మిక్కిలి యరుదైన ఈ ఘట్టమును వృద్ధుడైన బెర్రా కన్నులార చూచెను.

2014 మార్చిలో కార్మెన్ కన్నుమూసెను. మఱుసటి యేడు సెప్టెంబరు 22న బెర్రాయును గతించెను. అప్పటికి ఆయన వయస్సు 90 సంవత్సరములు. 11 మంది మనుమలు. యాంకీల దుస్తులు తొడిగి తొలియాట యాడిన దినమునకు సరిగా 69 ఏండ్లు నిండిన రోజది. ఆ నవంబరులో అమెరికా అధ్యక్షుడు ఆ దేశపు పౌరులకిచ్చు అత్యున్నత పతకమును ఆయనకు ప్రకటించి, వైట్ హౌస్‌లో ఇంటివారి చేతికి అందించెను.